జైరా కూర్చున్న పూట

వెనిస్‌లో కాఫీకి ధర లేదు, కుర్చీకే ఉంది. ఈ మాటను మొదట అన్నవారెవరో తెలియదు గాని, కాస్తెల్లో పేటలో దీనినొక శాస్త్రంగా స్థిరపరచినది మాత్రం జైరా బల్లరిన్. కొట్టు బల్ల దగ్గర నిలబడి తాగితే కాఫీ కూలివాడికైనా అందుతుంది. అదే కాఫీని అదే కప్పులో కూర్చొని తాగితే ధర ఒక మెట్టెక్కుతుంది. ఆ కుర్చీ సాన్ మార్కో గుడి ముందున్న పియాత్సాలో, అంటే ఆ పెద్ద రాతి చౌకులో, వేసినదైతే, ఆ ధరను పైకి పలకడం కన్న ఆ పూట కాఫీ మానుకోవడమే మర్యాద. వాద్యగాళ్ళు వాయించడం మొదలుపెట్టిన తరువాత కూడా కూర్చొనే ఉంటే, పాటకు వేరే రుసుము.

"నిలబడండమ్మా," అనేది జైరా, పేటలోకి కొత్తగా కాపురానికి వచ్చిన ప్రతి పిల్లతోను. "ఈ ఊళ్ళో నడుం వాల్చారో, సంచి ఖాళీ. నిలబడినంతసేపూ మీరు రాణులే."

ఆమె చెప్పి ఊరుకొనేది కాదు, చేసి చూపేది. పెద్ద కాలువను దాటించే పడవలో పరాయి దేశాలవాళ్ళు అంచులు పట్టుకొని బిక్కుబిక్కుమంటూ ఉంటే, ఆమె కూరగాయల సంచితో నిటారుగా నిలబడి, బస్సులో వెళ్ళినట్టు అవతలి గట్టుకు చేరేది. ఒక గుడిలో ఆర్గన్ వాయించే పెద్దాయన ఏ వేళ సాధన చేస్తాడో ఆమెకు తెలుసు. ఆదివారం డబ్బు చెల్లించి వినేవాళ్ళకు ఆయన పాట మాత్రమే వినిపిస్తుంది, జైరాకు ఆయన విసుగు కూడా వినిపించేది. బేపీ కొట్టులో ఎండుచేప గుజ్జు పూసిన రొట్టెముక్కలు ఎప్పుడు కొత్తగా పళ్ళెంలోకి వస్తాయో తెలుసు. ఒక చిన్న గ్లాసు వైన్‌ను ఇక్కడివాళ్ళు 'నీడ' అంటారు. ఒక రొట్టెముక్క, ఒక నీడ, కాలువ గట్టున నాలుగు మాటలు; వీటితో ఆమె సాయంకాలం నిండిపోయేది.

ఉద్యోగకాలమంతా ఆమె ఒక హోటలు బట్టల గదిలో దుప్పట్లూ బల్లగుడ్డలూ ఇస్త్రీ చేసింది. నిలబడి చేసే పని అది. ఆ బట్టల మూటలను సరుకుల పడవలో తెచ్చి దించేవాడు ఓలిందో. అతనిదీ నిలబడి చేసే పనే. వెనిస్‌లో తెడ్డు వేసేవాడు కూర్చోడు. ఇద్దరు నిలువుమనుషులు పెళ్ళి చేసుకొన్నారని అప్పట్లో పేటలో నవ్వుకొన్నారు. వాళ్ళకు పిల్లలు లేరు. ఉన్నదల్లా అద్దె తక్కువైన నేల అంతస్తు ఇల్లు, సాంతన్న కాలువలో గుంజకు కట్టిన ఒక చిన్న తెడ్డు పడవ. దాని పక్క చెక్క మీద ఓలిందో తెల్లరంగుతో 'జైరా' అని రాశాడు.

ఇక వాళ్ళ సాయంకాలాల సంగతి. పియాత్సా చుట్టూ ఉన్న వసారాలో, కాఫీశాల వాద్యగాళ్ళ వేదికకు పక్కగా ఒక రాతి స్తంభం ఉంది. పెళ్ళయిన ఏడు మొదలు వాళ్ళు అక్కడ నిలబడి పాట విన్నారు. బల్లల దగ్గర కూర్చొన్నవాళ్ళు వెండి పళ్ళేలలో బిల్లులు అందుకొంటూ ఉంటే, వీళ్ళు స్తంభం చాటున ఉచితంగా అదే పాటను అనుభవించి, చివర చప్పట్లు కూడా కొట్టి ఇంటికి వెళ్ళేవారు. దాన్ని జైరా 'మన పెట్టె' అనేది, ధనవంతులకు నాటకశాలలో ప్రత్యేకంగా పెట్టెలుంటాయి కదా, అలాగ.

ఇటువంటి మనిషి ఒక జూలై ఉదయం, తాను ఇస్త్రీ చేసిన పెళ్ళి బల్లగుడ్డను సాన్ మొయిసే దగ్గర ఒక ఇంట్లో ఇవ్వడానికి బయలుదేరి, దగ్గర దారి అని పియాత్సా అడ్డంగా దాటింది. పొద్దుటి పూట అక్కడికి వెనిస్‌వాళ్ళెవరూ వెళ్ళరు. ఆ వేళకు అది పావురాలది, పరాయివాళ్ళది.

కాఫీశాల బల్లల మీద గుడ్డలు అప్పుడే పరుస్తున్నారు. ఒక బల్లగుడ్డ మూల మడత సరిగా లేదని ఆమె కన్ను ముందుగా పట్టింది. తరువాత ఆ గుడ్డ మీద ఆనించి ఉన్న చెయ్యి కనిపించింది. చిటికెనవేలు వంకర. ఎప్పుడో సరుకుల పెట్టె కింద నలిగిన వేలు అది. దానికి తాను కట్టు కట్టింది. ఆ చేతిని పట్టుకొని ఆమె చూపు పైకి పాకింది. కుర్చీలో ఓలిందో కూర్చొని ఉన్నాడు.

ఎదురుగా వెండి పళ్ళెం, చిన్న కాఫీ కప్పు, గ్లాసుడు నీళ్ళు. టోపీ బల్ల మీద పెట్టుకొన్నాడు, తన ఇంట్లో పెట్టుకొన్నట్టు. తెల్లకోటు వడ్డించేవాడు వంగి ఏదో అంటే ఓలిందో తల ఊపి నవ్వాడు. వడ్డించేవాడు అతనికి కొత్త కాదు, అతను వడ్డించేవాడికి కొత్త కాదు.

జైరా ఏమి చేసిందో ఆమెకే తరువాత చాలాసేపు అర్థం కాలేదు. వెళ్ళి నిలదీయలేదు, పిలవలేదు. దొంగతనం చేస్తూ పట్టుబడినది తానే అయినట్టు వసారాలోకి తప్పుకొని, తమ స్తంభం వెనుక నిలబడింది. అక్కడ నుంచి మళ్ళీ చూసింది. ఓలిందో ముఖం ఎండలోకి తిప్పి కళ్ళు మూసుకొన్నాడు. ఆ ముఖంలో ఉన్న సుఖాన్ని ఆమె ఎక్కడా, ఎన్నడూ, ఏ రొట్టెముక్క దగ్గరా, ఏ పాట దగ్గరా చూసి ఎరుగదు. బిల్లు ఎంత అన్నది ఆమెకు తట్టనే లేదు. తనతో గడిపిన ఇన్ని సాయంకాలాలూ ఇతనికి శిక్షగా గడిచాయా అన్న ప్రశ్న మాత్రం తట్టింది. తట్టి, ఆ ప్రశ్న ఆమెలోనే కూర్చుండిపోయింది.

మధ్యాహ్నం భోజనం దగ్గర ఆమె పులుసులో గరిటె తిప్పుతూ అడిగింది.

"పొద్దున్న ఎటెళ్ళావు?"

"ఎటేముంది. బేపీ దగ్గర కాఫీ తాగొచ్చా."

"నిలబడేనా?"

ఓలిందో రొట్టె తుంచుతున్నవాడు తుంచడం ఆపలేదు. "మరి బేపీ కొట్లో సింహాసనం వేయించాడేంటి?"

అతను సరదాకు వందసార్లు అబద్ధమాడేవాడే. పేకాటలో ఆడేవాడు, పట్టిన చేప పొడుగు గురించి ఆడేవాడు. అవన్నీ జైరా కళ్ళలోకి చూసి, పట్టుకోమని ఆడినవి. ఇది రొట్టెలోకి చూసి ఆడినది. ఆమె పులుసు వడ్డించింది. ఉప్పు వేయడం మరచిపోయింది. అతను ఉప్పు లేదని అనకుండా తినేశాడు. అదింకా భయం కలిగించింది.

మరునాడు చేపలు అమ్మే నెరీనా దగ్గర ఆమె ఈ సంగతి బయట పెట్టింది. నెరీనా ఆమెకన్న చిన్నది, నోరు మాత్రం పెద్దది.

"పియాత్సాలోనా? కూర్చునా?" నెరీనా కత్తి ఆపింది. "జైరక్కా, మా ఆయన ఇంకొకత్తెతో లేచిపోయాడన్నా నేనింత అదిరిపోను. మీ ఆయన మాత్రం కూర్చోవడమా?"

"మెల్లగా అనవే."

"ఎదురు కుర్చీలో ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. ఖాళీ."

"ఖాళీ అంటే ఇంకా రాలేదన్నమాట." నెరీనా ఒక కవ్వ చేప తల తెగ్గొట్టింది. "అంత ఖరీదు కుర్చీలో మగాడు ఒంటరిగా కూర్చోడక్కా. అప్పు తీర్చాలన్నా కూర్చోడు."

"ఆయన మొహం చూశావుగా. ఎవరొస్తారే ఆయన కోసం?"

"నువ్వొచ్చావుగా."

ఈ మాటకు జైరా నవ్వవలసింది. నవ్వు రాలేదు. శనివారం రెదెంతోరే పండుగకు కావలసిన కవ్వ చేపలు మాత్రం చెప్పి వచ్చింది. ఉల్లిపాయలూ వెనిగరూ వేసి రెండు రోజులు ముందే ఊరబెట్టాలి. ప్రతి యేటా ఆ పండుగ సాయంత్రం వాళ్ళు పడవకు కాగితపు దీపాలు కట్టుకొని, ఆ చేపలూ పుచ్చకాయా పెట్టుకొని, సాన్ మార్కో ముందున్న నీళ్ళలోకి వెళ్ళి బాణాసంచా కోసం ఎదురుచూస్తారు. ఆ దృశ్యానికి హోటళ్ళ కిటికీల్లో మనుషులు జీతాలు తగలేస్తారు. వీళ్ళకు అది తెడ్డు వేసినంత మాత్రాన దక్కేది.

పడవ గుర్తుకు రాగానే ఆమెకు కొంచెం ధైర్యం వచ్చింది. ఇంట్లో మాట దొరకనప్పుడు పడవలో దొరికేది. ఎన్ని తగవులు ఆ చెక్కల మీద తీరలేదు? పండుగకు దాన్ని కడగాలి కూడా. బకెట్టూ కుంచె చీపురూ పట్టుకొని సాంతన్న కాలువకు వెళ్ళింది.

గుంజకు వేరే పడవ కట్టి ఉంది. ఎర్రనిది, ప్లాస్టిక్కుది, వెనుక ఇంజను ఉన్నది.

గట్టున తూల్లియో అనే ముసలివాడు వలలు బాగుచేసుకొంటున్నాడు. జైరా అటు చూసింది, గుంజను చూసింది, మళ్ళీ అటు చూసింది.

"బకెట్టెందుకు సియోరా?" అన్నాడు తూల్లియో. "కడగడానికి ఇంకేముంది?"

"పడవేది?"

"అదేంటి, మీకు తెలీదా? ఈస్టర్ అయిన వారానికే ఇచ్చేశాడుగా. ఆ లాయరు గారి అల్లుడికి. తెడ్డుతో సహా." తూల్లియో వలలోంచి తల ఎత్తి ఆమె ముఖం చూసి, ఇక తల ఎత్తలేదు. "నేను మీరిద్దరూ అనుకునే చేశారనుకున్నా."

ఈస్టర్ వసంతంలో. ఇప్పుడు జూలై. ఈ మధ్యకాలమంతా ఓలిందో "పడవ చూసొస్తా" అని వెళ్ళి "పడవ బాగుంది" అని తిరిగి వచ్చేవాడు. జైరా బకెట్టును గట్టు మీద పెట్టింది. అది ఖాళీదే, అయినా చెయ్యి లాగింది. తన పేరు రాసి ఉన్న పడవను అమ్మి, ఆ సొమ్ముతో తనకు తెలియకుండా ఒక కుర్చీ కొనుక్కొన్నాడు. అతను ఆమెను విడిచి వెళ్ళలేదు. విడిచి వెళ్ళినవాడైతే ఒక మాట అని వెళ్ళేవాడు. రోజూ ఇంటికి వస్తూ, రోజూ పక్కన నిలబడుతూ, ఎక్కడికో వెళ్ళిపోయాడు. ఎక్కడికో తెలుసుకోకుండా ఆమెకిక ముద్ద దిగదు.

మరునాడు పొద్దున అతను టోపీ పెట్టుకొని బయటికి వెళ్ళిన కొంతసేపటికి ఆమె కూడా నీటి బస్సెక్కింది. పియాత్సా దగ్గర దిగి, ఈసారి స్తంభం వెనుకకు పోలేదు. బల్లల మధ్య నుంచి నేరుగా నడచి అతని బల్ల ముందు నిలబడింది.

ఓలిందో ఆమెను చూశాడు. చేతులు రెండూ బల్ల అంచుకు వచ్చాయి. లేవబోయినట్టు భుజాలు కదిలాయి. లేవలేదు.

"కూర్చో జైరా," అన్నాడు.

"నేనిక్కడ కూర్చోను."

"సరే, నిలబడు. నీకలవాటేగా."

"పడవేది?"

ఓలిందో కప్పు కింద పెట్టాడు.

"అమ్మేశా."

"నా పేరున్న పడవని."

"పేరు చెరపనన్నవాడికే ఇచ్చా. అందుకు ధర కాస్త తగ్గించుకున్నా కూడా."

"దేనికి? ఈ గుడ్డ మీద చెయ్యి ఆనించుకుని కూర్చోడానికా? మూల మడత పెట్టడం కూడా రాని గుడ్డ మీద?"

"మడత సంగతి నేనూ చూశా," అన్నాడు ఓలిందో నిదానంగా. "మొదటిరోజే చూశా. ఇంటికొచ్చి నీకు చెబుదామని నోటిదాకా వచ్చింది. చెప్తే దొరికిపోతానని ఊరుకున్నా."

జైరాకు కోపం ఒక్క క్షణం దారి తప్పింది. వెంటనే పట్టుకొని తెచ్చుకొంది.

"ఎవరామె?"

"ఎవరు?"

"ఈ ఎదురు కుర్చీ ఎవరిది?"

ఓలిందో ఆ కుర్చీని మొదటిసారి చూసినట్టు చూశాడు. "ఎవరిదీ కాదు. బల్లకి రెండేస్తారు వీళ్ళు. ఒకటి తీసెయ్యమంటే ధరేమైనా తగ్గుతుందా అని అడిగా. తగ్గదట."

"ఓలిందో."

"నిలబడలేకపోతున్నా జైరా."

ఆమెకు ఆ మాట అర్థం కాలేదు. అది వాళ్ళ ఇంటి మాట కాదు. అతను నడుము వెనుక చెయ్యి పెట్టి చూపించాడు.

"ఇక్కడ ఎముకల మధ్య సందు ఇరుకైపోయిందన్నాడు డాక్టరు. నరం నొక్కుకుంటోందట. కూర్చుంటే ఏమీ ఉండదు, నీ ముందు కూర్చున్నా చూడు, రాజులా ఉన్నా. నిలబడితే కాసేపటికి కాళ్ళు నావి కావు. మొద్దులు. తెడ్డెయ్యాలంటే నిలబడాలి. పడవుంచుకుని ఏం చెయ్యను?"

"ఎప్పట్నుంచి?"

"చలికాలం నుంచి."

"చలికాలం నుంచా?" అంది జైరా. "మరి రోజూ సాయంత్రం స్తంభం దగ్గర నిలబడ్డావుగా."

"స్తంభం నిలబడింది. నేను ఆనుకున్నా."

అప్పుడు ఆమెకు ఒక్కొక్కటే తోచసాగాయి. ఈ మధ్య స్తంభం వైపు తానే నిలబడతానని అతను పట్టుబట్టడం. ఆఖరి పాట ఉండగానే ఇంటికి పోదామనడం. గట్టు వెంట నడిచి వచ్చేవాడు గాలి కోసమని నీటి బస్సు ఎక్కుదామనడం. ఆ ఖర్చు ఎందుకని తాను దెప్పడం. ఒక సాయంత్రం బేపీ కొట్టు బల్ల మీద రెండు మోచేతులూ ఆనించి అతను తల దించుకొంటే, "తాగకుండానే తూలుతున్నావేం" అని తాను అందరిలో నవ్వడం. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు సాయంత్రాలు మానేస్తావు. మానెయ్యకపోతే ఒక్కదానివే వెళ్తావు. రెండూ నాకు ఇష్టం లేవు."

"బేపీ దగ్గర ఓ స్టూలడిగితే ఇవ్వడూ?"

"బేపీ దగ్గర కూర్చుంటే నా కాఫీ చల్లారేలోపు నీకు తెలిసిపోదూ? నెరీనా చేపతో పాటు పొట్లం కట్టి ఇస్తుంది." ఓలిందో కప్పును పళ్ళెంలో తిప్పాడు. "గుడి మెట్ల మీద కూర్చున్నా ఒకరోజు. నీలం చొక్కా కాపలావాడొచ్చి లెమ్మన్నాడు, ఇక్కడ కూర్చోకూడదని. లేవలేనయ్యా అంటే, అందరూ అదే అంటారు అన్నాడు. బెంచీలు చూద్దామంటే ఈ ఊళ్ళో ఎక్కడున్నాయి? నిలబడలేనివాడికి ఇక్కడ రెండే చోట్లు జైరా. ఈ కుర్చీ, లేకపోతే సాన్ మికేలే దీవిలో సమాధి. రెండోది ఇంకా ఖరీదన్నారు."

"అందుకని పియాత్సా నడిమధ్య దాక్కున్నావా?"

"ఇంతకంటే మంచి చోటు చూపించు. బస్సు దిగితే ఒక్క వంతెన కూడా ఎక్కక్కర్లేదు. ప్రపంచమంతా వస్తుందిక్కడికి. కాస్తెల్లో మాత్రం రాదు. నువ్వా పొద్దున ఎందుకొచ్చావో నాకిప్పటికీ అర్థం కావట్లేదు."

"నువ్వు చూశావా నన్ను?"

"స్తంభం వెనకాల నీ సంచి కనబడింది. కళ్ళు మూసుకున్నా. చూడనట్టుంటే వెళ్ళిపోతావనుకున్నా. నువ్వు నన్ను చూశావో లేదో తేలకే మధ్యాహ్నం బేపీ పేరు చెప్పా."

ఆ మూసిన కళ్ళనూ, ఎండలోకి తిప్పిన ముఖాన్నీ జైరా సుఖమని చదువుకొంది. అది ఒక మనిషి ఊపిరి బిగబట్టిన ముఖం. ఇన్నేళ్ళు పక్కన నిలబడి ఆ తేడా తెలుసుకోలేకపోవడం, పడవ పోవడం కన్న, అబద్ధం కన్న, ఆమెను ఎక్కువగా కుదిపింది. "నిలబడినంతసేపూ మీరు రాణులే" అని కొత్త కోడళ్ళకు చెప్పేటప్పుడు అతను పక్కనే ఉండేవాడు. తల ఊపేవాడు కూడా.

వేదిక మీదికి వాద్యగాళ్ళు రాసాగారు. ఒకతను వయొలిన్ పెట్టె తెరిచాడు. ఓలిందో టోపీ అందుకొన్నాడు.

"పద. పాట మొదలైతే వేరే కట్టాలి. రోజూ ఈ లోపే లేచిపోతా."

అతను లేవడం ఆమె అప్పుడు చూసింది. ముందు బల్ల మీద అరచెయ్యి. తరువాత కుర్చీ చేతి మీద రెండోది. తరువాత ఒక ఆగుదల, పెట్టెను ఎత్తే ముందు కూలివాడు ఆగినట్టు. ఇంట్లో ఇలా లేవలేదు. ఇంట్లో ఆమె వంటగదిలోకి తిరిగినప్పుడు మాత్రమే లేచి ఉంటాడు.

జైరా ఎదురు కుర్చీని వెనక్కు లాగి కూర్చొంది.

కుర్చీ మెత్తగా లేదు. అది ఆమెకు మొదటి ఆశ్చర్యం.

"కూర్చో," అంది.

"జైరా, పాట మొదలవుతుంది."

"అవనీ."

తెల్లకోటతను వచ్చాడు. ఓలిందోతో కలిసి పనిచేసినవాడి కొడుకు, ఒత్తొరీనో అని. ఆమెను గుర్తుపట్టి, ఇబ్బందిపడ్డాడు. "సియోరా, చెప్పడం నా ధర్మం. ఇప్పుడు సంగీతం మొదలవుతుంది. అంటే బిల్లులో…"

"తెలుసు నాయనా. నువ్వు పుట్టక ముందే తెలుసు. ఒక కాఫీ తీసుకురా." ఆమె గుడ్డ మూల విప్పి సరిగా మడిచి పెట్టింది. "ఇది ఇలా మడవాలి. లోపల వాళ్ళకి చెప్పు."

పాట మొదలైంది. వాళ్ళకు బాగా తెలిసినదే. జైరా వీపు నిటారుగా పెట్టి, చేతులు ఒడిలో పెట్టి, ఊరి ధర మొత్తం తన నెత్తి మీద ఉన్నట్టు విన్నది. కొంతసేపు విని, ముఖం చిట్లించింది. పక్క బల్ల మీద చెంచాలు గలగలమంటున్నాయి. వెనుక ఎవరో ఐస్‌క్రీము గురించి వాదిస్తున్నారు. పెద్ద తంబురా వంటి వాద్యమొకటి చెవి దగ్గరే మోగి, వయొలిన్‌ను మింగేస్తోంది. వయొలిన్ నాదం తల పైనుంచి వెళ్ళి, వసారా కమానులో తిరిగి, ఎక్కడో అవతల పడుతోంది. ఎక్కడ పడుతోందో ఆమెకు తెలుసు. ఆమె మెల్లగా తల తిప్పి స్తంభం వైపు చూసింది.

"ఓలిందో," అంది, నమ్మలేనట్టు. "అక్కడే బాగుంటుంది."

"ఊఁ."

"ఇంత డబ్బు పోసి వీళ్ళు వినేది ఇదా?"

"నాకూ అలాగే అనిపిస్తుందేమోనని భయం," అన్నాడు ఓలిందో. "అందుకే ఎప్పుడూ పాట దాకా ఉండలేదు."

వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకొన్నారు. ముందు నవ్వినదెవరో ఒత్తొరీనోకు కూడా తెలియలేదు. బిల్లు వచ్చినప్పుడు జైరా దాన్ని దూరంగా పట్టుకొని చదివింది, దగ్గరగా పట్టుకొని చదివింది, నాలుగు మడతలు పెట్టి సంచిలో దాచింది. "బేపీకి చూపించాలి," అంది. "వాడు నమ్మడు."

ఆ శనివారం రెదెంతోరే పండుగకు వాళ్ళు నీళ్ళలోకి వెళ్ళలేదు. ముందురోజే జైరా సుద్దముక్క పట్టుకొని, పేటవాళ్ళందరూ చేసినట్టే, గట్టు రాళ్ళ మీద తమ బల్లకు సరిపడా గీతలు గీసి 'బల్లరిన్' అని రాసి వచ్చింది. ఆ ఒక్క పండుగకు ఊరంతా ఇళ్ళలోని కుర్చీలు బయటికి మోసుకొచ్చి, ఎవరికీ రుసుము కట్టకుండా కూర్చొంటుంది. పొద్దు వాలేవేళ దీపాల పడవలు వరుసగా సాగుతూ ఉంటే, వాటిలో 'జైరా' కూడా కనిపించింది. లాయరు గారి అల్లుడు తెడ్డును చీపురులా పట్టుకొన్నాడు.

"మోచెయ్యి కిందకి దించవయ్యా!" అని ఓలిందో గట్టు మీద నుంచి అరిచాడు. "దానికి నొప్పి పుడుతుంది!"

జైరా అతని పళ్ళెంలో ఇంకో కవ్వ చేప వేసింది. ఆ కుర్చీలో అతను భోజనం మొదలైనప్పటి నుంచి ఒక్కసారీ కదలలేదు. ఆమె కన్ను చేపల మీద లేదు, ఆ కుర్చీ మీదనే ఉంది. వంటింటి కుర్చీ అది, గడ్డి అల్లికది, తేలికైనది.

సోమవారం సాయంత్రం ఆమె ఆ కుర్చీని భుజానికి తగిలించుకొని, రెండో చేత్తో ఓలిందో మోచెయ్యి పట్టుకొని, నీటి బస్సెక్కింది. టిక్కెట్లు చూసే ఆమె కుర్చీని కింది నుంచి పై దాకా చూసింది.

"ఇదేంటి?"

"మా పెట్టెలో సీటు," అంది జైరా.

వసారాలో స్తంభం పక్కన కుర్చీ వేసి, ఓలిందోను కూర్చోబెట్టి, తాను పక్కన నిలబడింది. ఎన్నో ఏళ్ళుగా వాళ్ళను అక్కడ చూస్తున్న వయొలిన్ మనిషి విల్లు ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగి, కనుబొమలు పైకి లేపాడు. తరువాత వాయించాడు.

మొదటి పాట సగంలో ఉండగా నీలం చొక్కా కాపలామనిషి వచ్చాడు. మీసాలు నెరిసినవాడు, ఊరికి కొత్త.

"అమ్మా, ఇక్కడ కూర్చోకూడదు."

"మెట్ల మీద కదా కూర్చోకూడదు. ఇవి మెట్లా?"

"మెట్లు కావు. కానీ…" అతను కుర్చీని చూశాడు. దాని అల్లికను చూశాడు. "ఇది ఎవరి కుర్చీ?"

"మా వంటింటిది."

నేల మీద కూర్చొన్నవాళ్ళను లేపడం అతనికి తెలుసు. మెట్ల మీద వాళ్ళను, బావి గట్టు మీద వాళ్ళను, సామాన్ల పెట్టెల మీద వాళ్ళను లేపడం తెలుసు. ఇంట్లోంచి వంటింటి కుర్చీ మోసుకొచ్చినవాళ్ళను ఏమి చేయాలో అతనికి ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే ఎవరూ మోసుకు రాలేదు.

"పైవాళ్ళని అడగాలి," అన్నాడు చివరకు.

"అడిగిరా నాయనా," అంది జైరా. "నడిచే వెళ్ళు, తొందరేం లేదు. ఇంకా రెండు పాటలున్నాయి."

అతను వెళ్ళాడు. ఓలిందో టోపీ తీసి మోకాలి మీద పెట్టుకొని, ముఖం పాట వైపు తిప్పి, కళ్ళు మూసుకొన్నాడు. ఆ ముఖం జైరాకు తెలుసు. వంగి, దగ్గరగా, చాలాసేపు చూసింది, ఈసారి తప్పు చదవకూడదని. ఊపిరి మామూలుగా ఆడుతోంది. భుజాలు దిగి ఉన్నాయి. వంకర చిటికెనవేలు టోపీ మీద తాళం వేస్తోంది.

అప్పుడు ఆమె కుర్చీ వీపు మీద చెయ్యి ఆనించి, తన కాళ్ళకు కూడా కొంచెం బరువు తగ్గించుకొంది.